5 రూపాయల టికెట్టుకి ఎంత ఊరు?

కొత్త ఊళ్లో ఉద్యోగం వస్తే మనం ముందు వెతికేది పీజీ. తర్వాత తెలుగు మెస్. ఆ తర్వాత ఆఫీస్ క్యాబ్ వాట్సాప్ గ్రూప్. ఈ మూడూ కుదిరితే ఊళ్లో సెటిలైపోయినట్టే! రెండేళ్ల తర్వాత ఎవరైనా ‘ఆ ఊరు ఎలా ఉంటుంది?’ అని అడిగితే మాత్రం ‘ట్రాఫిక్ ఎక్కువ, రెంట్ ఎక్కువ’ అని తేల్చేస్తాం. ఇరవై నాలుగు నెలలు అద్దె కట్టిన ఊరి గురించి మన దగ్గరున్న సమాచారం అంతే.

క్యాబ్ యాప్‌కి ఊరంటే రెండు చుక్కలు. ఒకటి పికప్, ఇంకొకటి డ్రాప్. మధ్యలో ఉన్నదంతా ఒక నీలం గీత. ఆ గీత మీద వెళ్తున్న గంటసేపూ మనం రీల్స్ చూస్తుంటాం. అసలు ఊరంతా ఉండేది ఆ గీత మీదే కదా! దాన్ని చూడాలంటే బస్సో, లోకల్ ట్రైనో ఎక్కాలి. ఈ వారం ముచ్చట అదే. నాకు బాగా అలవాటైన ఊరు చెన్నై కాబట్టి అక్కడి నుంచే చెప్తాను.

మాది గుంటూరు జిల్లా దుగ్గిరాల దగ్గర పల్లె. ఆఫీస్ చెన్నై ఓఎంఆర్ మీద. ఓఎంఆర్ అంటే పాత మహాబలిపురం రోడ్డు. ఒకే దండెం మీద ఆరేసిన బట్టల్లా ఐటీ కంపెనీలన్నీ ఆ ఒక్క రోడ్డు మీదే వరసగా ఉంటాయి. మొదట్లో నాకు ఆ దండెమే చెన్నై. ఒక్కదాన్నే బయటికి వెళ్తానంటే అమ్మ ఫోన్లో అరగంటకోసారి ‘ఎక్కడున్నావే?’ అనేది. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి ‘ఇవాళ ఏ రైలు?’ అని అడుగుతోంది. ఈ రెండు ప్రశ్నల మధ్య జరిగిందేమిటో చెప్తా.

ముందు నాలుగు గీతలు

కొత్త ఊరు మ్యాప్ మొత్తం బుర్రకెక్కించుకోవడం ఎవరి వల్లా కాదు. అక్కర్లేదు కూడా. ముందు రైలు గీతలు నేర్చుకోండి. చెన్నైలో లోకల్ రైళ్లకి ముఖ్యంగా నాలుగు గీతలున్నాయి. దక్షిణానికి బీచ్ స్టేషన్ నుంచి తాంబరం మీదుగా చెంగల్పట్టు. పడమరకి సెంట్రల్ నుంచి అరక్కోణం. ఉత్తరానికి గుమ్మిడిపూండి. నాలుగోది ఊరి లోపలే తిరిగే ఎంఆర్‌టీఎస్, బీచ్ నుంచి వేళచ్చేరి దాకా. ఇవి కాక పైన మెట్రో. అది 2015 జూన్‌లో మొదలైంది.

ఈ గీతలు ఊరికే వేసినవి కావు. బీచ్–తాంబరం మార్గంలో 1931లోనే కరెంటు రైళ్లు నడిచాయి. అందుకే ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ లోకల్‌ని ‘ఎలక్ట్రిక్ ట్రైన్’ అనే అంటారు. నుంగంబాక్కం, కోడంబాక్కం, మాంబలం, సైదాపేట అంటూ వరసగా వచ్చే పేర్లు మామూలు స్టేషన్లు అనుకుంటాం. వాటి చుట్టూనే ఈ ఊరు పెరిగింది. మాంబలంలో దిగి జనం ఎటు నడిస్తే అటు నడవండి, రంగనాథన్ స్ట్రీట్ అదే వస్తుంది. అక్కడి నుంచి కాస్త నడిస్తే పానగల్ పార్కు. ఆ పానగల్ ఎవరో కాదు, 1920ల్లో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా పనిచేసిన మన పానగల్లు రాజా, రామరాయణింగారు.

ఒక చోట మాత్రం కొత్తవాళ్లందరూ కంగారు పడతారు. సెంట్రల్, మూర్ మార్కెట్ కాంప్లెక్స్, పార్క్, పార్క్ టౌన్, సెంట్రల్ మెట్రో. యాప్‌లో ఇవి ఐదు వేర్వేరు స్టేషన్లు. నేల మీద అన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి. మన ఊరి నుంచి రైలు దిగేది సెంట్రల్. పక్కనే అరక్కోణం, గుమ్మిడిపూండి లోకళ్లు బయల్దేరేది మూర్ మార్కెట్ కాంప్లెక్స్. 1985లో కాలిపోయిన పాత మూర్ మార్కెట్ ఉన్న చోటు అది. రోడ్డు దాటితే తాంబరం బండ్ల కోసం పార్క్, వేళచ్చేరి బండ్ల కోసం పార్క్ టౌన్. ఈ ఒక్క జంక్షన్ బుర్రలో పడిందంటే సగం చెన్నై మీ చేతికొచ్చినట్టే.

టికెట్ మాటేమిటంటారా? లోకల్లో కనీస చార్జీ 5 రూపాయలు. మెట్రోలో 10 నుంచి మొదలు. బస్సు, మెట్రో, లోకల్ మూడింటికీ కలిపి ‘చెన్నై వన్’ అనే యాప్ 2025 సెప్టెంబర్‌లో వచ్చింది. ఫోన్లో చార్జింగ్ లేకపోతే కౌంటర్ దగ్గర కాగితం టికెట్ ఎప్పుడూ ఉంటుంది.

ఎగిరే రైలు కింద మన కాలువ

మా పీజీ తిరువాన్మియూర్‌లో. దగ్గర్లోనే ఎంఆర్‌టీఎస్ స్టేషన్. ఈ రైలుని జనం ‘పరక్కుం రయిల్’ అంటారు, అంటే ఎగిరే రైలు. దాదాపు దారంతా స్తంభాల మీదే వెళ్తుంది. 1995లో చేపాక్ దాకా మొదలై, 1997లో మైలాపూర్‌కి, 2007లో వేళచ్చేరికి చేరింది. స్టేషన్లు ఎంత పెద్దవంటే, ఇంత ఎత్తు పైకప్పు ఎందుకురా బాబూ అనిపిస్తుంది.

కిటికీ పక్కన కూర్చుంటే కింద నల్లగా ఒక మురుగు కాలువ కనబడుతుంది. చాలా దూరం మనతోనే వస్తుంది. ముక్కు మూసుకుని ఫోన్లోకి తల దించేస్తాం. నేనైతే ఒకరోజు ఎదుటి సీట్లో పెద్దాయన్ని దాని పేరు అడిగాను. ‘బకింగ్‌హామ్ కెనాల్ అమ్మా’ అన్నాడు.

ఆ పేరు నాకు తెలుసు. చిన్నప్పుడు మా తాతయ్య నోట విన్నాను. 1806లో మద్రాసు దగ్గర తవ్వడం మొదలుపెట్టిన కాలువ అది. 1877–78 కరువు రోజుల్లో, కూలి కోసం వచ్చిన జనంతో ఊరి మధ్యలో కూవం, అడయార్ నదుల్ని కలిపే ముక్క తవ్వించారు. అప్పటి గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు దానికి పెట్టారు. ఈ కాలువ తీరం వెంబడే ఉత్తరానికి వెళ్లి పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలుస్తుంది. కొమ్మమూరు కాలువ ఎక్కడి నుంచి వస్తుంది? మా దుగ్గిరాల నుంచి! అక్కడి నుంచి కృష్ణా, ఏలూరు కాలువల మీదుగా పడవలు కాకినాడ దాకా వెళ్లేవి. బియ్యం, ఉప్పు, కట్టెలు అన్నీ ఈ నీటి దారిలోనే మద్రాసు చేరేవి.

అంటే మా ఊళ్లో నేను ఈత నేర్చుకున్న కాలువా, ఇక్కడ నేను ముక్కు మూసుకుంటున్న కాలువా ఒకే దారికి రెండు చివర్లు. ఎగిరే రైలు స్తంభాల్ని ఆ కాలువలోనే నాటారు. ఇక ఇక్కడ పడవ తిరిగే మాటే లేదు. ఒక ప్రయాణ సాధనం ఇంకోదాని గుండెల మీద నిలబడి ఉందన్నమాట. క్యాబ్‌లో ఆ రోడ్డున వందసార్లు వెళ్లినా ఈ సంగతి తెలిసేది కాదు.

ఇదే లైన్లో తిరుమయిలై స్టేషన్‌లో దిగితే మైలాపూర్. అందరూ కపాలీశ్వరుడి గుడి వైపు వెళ్తారు. వెళ్లండి, గుడి చుట్టూ వీధుల్లో ఫిల్టర్ కాఫీ వదలకండి. తర్వాత రాయపేట హైరోడ్డు వైపు కూడా ఒకసారి నడవండి. పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంటుంది. 1952 అక్టోబర్ 19 నుంచి డిసెంబర్ 15 దాకా ఆయన నిరాహార దీక్ష చేసి ప్రాణం వదిలింది ఈ మైలాపూర్‌లోనే. పరీక్షల కోసం బట్టీ పట్టిన తేదీలు. అవి జరిగిన వీధిలో నిలబడితే వాటి బరువు వేరుగా ఉంటుంది.

చేతులు మారే చిల్లర

బస్సు అంటే మనకి భయం ఎందుకు? బోర్డు చదవలేం కాబట్టి. కానీ నంబర్ చదవగలం కదా! మొదట రెండు మూడు నంబర్లు చాలు. పెరంబూర్ నుంచి బీసెంట్ నగర్ బీచ్ దాకా వెళ్లే 29సీ ఎక్కితే ఊరికి ఉత్తరం కొస నుంచి సముద్రం దాకా అడ్డంగా కోసినట్టు చూడొచ్చు. అడయార్ నుంచి 588 పట్టుకుంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా మహాబలిపురం. దారిలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర, ఇంకాస్త ముందుకెళ్తే 1976లో పెట్టిన మొసళ్ల పార్కు. నంబర్ ఒకటే అయినా పక్కన అక్షరం మారితే దారి మారుతుంది. అది మాత్రం చూసుకోండి.

చెన్నై సిటీ బస్సులో నాకు బాగా నచ్చేది డబ్బుల ప్రయాణం. ఇక్కడ కండక్టర్ చాలాసార్లు తన సీట్లోంచి లేవడు. ముందు నిలబడ్డవాళ్లు పది రూపాయల నోటు వెనక్కి ఇస్తారు. అది నలుగురైదుగురి చేతులు మారి ఆయనకి చేరుతుంది. టికెట్టూ, చిల్లరా మళ్లీ అదే దారిలో తిరిగొస్తాయి. ఎవరూ ఎవరికీ తెలియదు. ఓటీపీ లేదు, కేవైసీ లేదు. నా చిల్లర ఒక్కసారి కూడా తప్పిపోలేదు.

మాటలు కూడా ఎక్కువ అక్కర్లేదు. ‘పోగుమా?’ అంటే వెళ్తుందా? ‘ఎంగ?’ అంటే ఎక్కడ? ‘ఇరంగణుం’ అంటే దిగాలి. ముందు ‘అణ్ణా’ అనో, ‘అక్కా’ అనో చేర్చండి. ‘చిల్లర’కి అక్కడ ‘సిల్లరై’, అది మనకి సగం వచ్చినట్టే. తప్పుగా పలికితే నవ్వుతారు. నవ్వి, ఎక్కడ దిగాలో చెప్పి, ఆ స్టాప్ వచ్చాక గుర్తుచేసి మరీ దించుతారు.

అమ్మాయిలకి ఇంకో మాట. తమిళనాడులో 2021 మే నుంచి సాధారణ చార్జీ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ డబ్బులు లేవు. తర్వాత తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఇలాంటి పథకాలొచ్చాయి. ‘ఫ్రీ బస్సు’ అని మీమ్స్ వేసేవాళ్లు ఒక్కసారి పొద్దున ఆరున్నర బస్సు చూడాలి. ఇళ్లల్లో పనికి వెళ్లే అక్కలు, పూలు అమ్మే పెద్దమ్మలు, నర్సింగ్ చదివే పిల్లలు. వాళ్లకి అది షికారు కాదు, జీతంలో మిగులు.

ఉత్తరం గీత చివర

నాకిష్టమైన గీత ఉత్తరానిది. టూరిస్ట్ లిస్టుల్లో కనబడదు. మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి బయల్దేరిన బండి బేసిన్ బ్రిడ్జి, కొరుక్కుపేట, తండయార్‌పేట, తిరువొట్రియూర్ దాటి ఎన్నూర్ చేరుతుంది. చేపల గంపలు ఎక్కుతాయి, దిగుతాయి. తర్వాత అత్తిపట్టు, థర్మల్ విద్యుత్ కేంద్రం పొగ గొట్టాలు. చెన్నైలో మన ఏసీ చల్లగా ఉండటానికి ఎవరి ఊరి గాలి వేడెక్కుతోందో కిటికీలోంచే తెలిసిపోతుంది. ఆ తర్వాత మీంజూరు. చెన్నైకి సముద్రపు నీటిని మంచినీటిగా మార్చి పంపే ప్లాంట్ ఆ ప్రాంతంలోనే ఉంది. ఇక పొన్నేరి వైపు పొలాలు.

చాలా బండ్లు గుమ్మిడిపూండిలో ఆగిపోతాయి. కొన్ని మాత్రం ఇంకా ముందుకెళ్తాయి. ఆరంబాక్కం తమిళనాడులో చివరి స్టేషన్. తర్వాతది తడ. అక్కడ బోర్డు మీద మన అక్షరాలు! చెన్నై లోకల్ ట్రైన్ ఆంధ్రలోకి వచ్చేసిందన్నమాట. తడలో శ్రీసిటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లు దిగుతారు. అక్కంపేట దాటితే సూళ్లూరుపేట. మొత్తం ప్రయాణం దాదాపు రెండు గంటలు.

సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి. అక్కడి నుంచి శ్రీహరికోట వైపు రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి వెళ్తుంది. మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చలికాలంలో రోడ్డు పక్కనే ఫ్లెమింగోలు గుంపులుగా నిలబడి ఉంటాయి. ఆ పక్కనే రాకెట్లు పైకి లేచే దీవి. ఇంతకంటే వీకెండ్ ట్రిప్ ఏం కావాలి?

ఆ బండిలో నాకు గుర్తుండిపోయింది మాత్రం పక్షులు కాదు, మనుషులు. తెల్లవారకముందే సూళ్లూరుపేటలో, తడలో ఎక్కి చెన్నైలో పని చేసుకుని రాత్రికి ఇంటికెళ్లే వాళ్లుంటారు. ఒక వాక్యం తెలుగులో మొదలై తమిళంలో ముగుస్తుంది. సరిహద్దు ఏమిటో వాళ్లని అడగాలి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు ఇటు వచ్చింది. కాగితం మీద గీత జరిగింది గానీ మనుషుల రాకపోకలు ఆగలేదు. ఆఫీసులో మేము వారానికి మూడు రోజులు రమ్మంటే అన్యాయం అనుకుంటాం. వీళ్లు రోజుకి నాలుగు గంటలు రైల్లోనే గడుపుతారు. ఆ బండి అరగంట లేటైతే మనకి చిరాకు, వాళ్లకి ఒక పూట కూలి పోయినట్టు.

ఇదంతా ఎందుకు?

కిందటేడు నాన్నకి కంటి పరీక్షలకని చెన్నై తీసుకొచ్చాను. మొదటిరోజు నేను వెంట వెళ్లాను. సెంట్రల్ దగ్గర రోడ్డు దాటించి పార్క్ స్టేషన్ చూపించాను. ‘తాంబరం వైపు బండి ఎక్కు. ఎగ్మూర్, చేట్‌పట్, మూడోది నుంగంబాక్కం. దిగితే ఆస్పత్రికి నడిచి వెళ్లిపోవచ్చు’ అని చెప్పాను. రెండోసారి వచ్చినప్పుడు నాకు రిలీజ్ ఉండి సెలవు దొరకలేదు. నాన్న ఒక్కడే వెళ్లాడు. భాష రాదు, స్మార్ట్‌ఫోన్ అంతంతమాత్రం. 5 రూపాయల టికెట్టుతో వెళ్లొచ్చి, సాయంత్రం ఫోన్లో ‘మూడో స్టేషనే అమ్మా, నువ్వు చెప్పినట్టే ఉంది’ అన్నాడు. ఆ గొంతులో ఉన్న ధీమా క్యాబ్ బుక్ చేసిచ్చి ఉంటే వచ్చేది కాదు. మా జిల్లాల నుంచి వైద్యం కోసం చెన్నై వచ్చేవాళ్లు ఎందరో! రైలు దిగగానే బయట ఎవరు ఎంత అడిగితే అంత ఇచ్చుకోవాల్సిన అవసరం వాళ్లకి లేదు. చెప్పేవాళ్లు ఒకరుంటే చాలు.

ఇంకో సంగతి కూడా ఉంది. జీతం వచ్చేవాళ్లమంతా క్యాబ్‌లకీ, బైకులకీ వెళ్లిపోతే బస్సు గతిలేనివాళ్ల బండిగా మిగిలిపోతుంది. అప్పుడు అది సరిగ్గా రాకపోయినా గట్టిగా అడిగేవాళ్లుండరు. ఓఎంఆర్ పొడవునా ఇప్పుడు మెట్రో రెండో దశ పనులు జరుగుతున్నాయి. ‘అది వచ్చాక చూద్దాంలే’ అంటారు మా టీమ్‌లో. మెట్రో స్టేషన్ నుంచి ఇంటిదాకా మళ్లీ బస్సే కావాలి కదా బాస్!

సరే, మొదలుపెట్టేవాళ్లకి నాలుగు సూత్రాలు.

ఒకటి, ఏ లైన్ ఎక్కినా ఒక్కసారైనా చివరి స్టేషన్ దాకా వెళ్లండి. ఊరు ఎక్కడ ఆగుతుందో చూస్తేనే ఎంత ఉందో తెలుస్తుంది.

రెండు, వెళ్లిన దారిలో తిరిగి రాకండి. రైల్లో వెళ్తే బస్సులో రండి. గీతలు అప్పుడే కలుస్తాయి.

మూడు, తిరుగు బండి టైం ముందే చూసుకోండి. చెన్నై లోకళ్లకి ఆదివారం టైంటేబుల్ వేరు. సూళ్లూరుపేట లాంటి చోట్లకి బండ్లు తక్కువ, ఒకటి తప్పితే చాలాసేపు ఆగాలి.

నాలుగు, ఒంటరిగా వెళ్లే అమ్మాయిలు లేడీస్ కోచ్ ప్లాట్‌ఫాం మీద ఎక్కడ ఆగుతుందో చూసుకోండి. చీకటి పడ్డాక జనం లేని స్టేషన్ కంటే జనం ఉన్న స్టేషన్‌లో బండి మారడం మంచిది. ఇది భయపడమని కాదు. మళ్లీ ఆదివారం కూడా వెళ్లాలి కదా, అందుకు.

మీరు చెన్నైలోనే ఉండక్కర్లేదు. హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ 2003 నుంచి తిరుగుతోంది. ఏళ్లుగా గచ్చిబౌలిలో ఉంటూ ఒక్కసారీ ఎక్కనివాళ్లు నాకే పదిమంది తెలుసు. ముంబై, కోల్‌కతా, బెంగళూరు, ఎక్కడున్నా సరే. ఈ ఆదివారం యాప్‌లో డ్రాప్ లొకేషన్ కొట్టకండి. దగ్గర్లో ఉన్న స్టేషన్‌కి నడిచి, చివరి స్టేషన్‌కి టికెట్ తీసుకోండి. కిటికీ సీటు దొరికితే ఫోన్ బ్యాగులో పెట్టేయండి. దొరక్కపోతే తలుపు దగ్గర వేలాడకుండా లోపల నిలబడండి. పక్కవాళ్లని ‘తర్వాత ఏ స్టేషన్?’ అని అడగండి. తెలిసినా సరే అడగండి.